స్కూల్లో నోరు విప్పని బిడ్డ, ఇంట్లో ఆపేసిన తెలుగు: ఇంగ్లండ్‌లో మొదటి ఆటమ్ టర్మ్ గురించి

ఈరోజు ఎపిసోడ్ ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగు ఫ్యామిలీస్ కోసం. ఇంకా చెప్పాలంటే, నాలుగేళ్ల బిడ్డని ఈ సెప్టెంబర్‌లో మొదటిసారి స్కూల్‌కి పంపిన అమ్మానాన్నల కోసం. మీకింకా పెళ్లే కాలేదా? పర్లేదు, చూడండి. మీ అక్కకో, కజిన్‌కో, పక్క ఫ్లాట్‌లో ఉండే అన్నయ్యకో పనికొస్తుంది, వాళ్లకి పంపించండి. స్కాట్లాండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌లో రూల్స్ వేరుగా ఉంటాయి. కాబట్టి రూల్స్ వరకు నేను చెప్పేదంతా ఇంగ్లండ్ గురించే.

సెప్టెంబర్ చివరికి వచ్చేసరికి చాలా తెలుగు ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది. "ఇంట్లో గలగలా మాట్లాడతాడండీ, స్కూల్లో మాత్రం నోరే విప్పట్లేదంట." ఆ వెంటనే ఇంట్లో ఒక నిర్ణయం జరిగిపోతుంది. "ఇవాళ్టి నుంచి ఇంట్లో కూడా ఇంగ్లీషే." అమ్మ ఇంగ్లీష్, నాన్న ఇంగ్లీష్, ఆరు నెలల కోసం ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ కూడా "కమ్ కమ్, ఈట్ ఈట్" అంటూ తిరుగుతుంటుంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆ నిర్ణయం తీసుకోకండి. ఎందుకు వద్దో, దాని బదులు ఈ టర్మ్‌లో ఏం చేయాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఈ టర్మ్ సంగతి

మన దగ్గర స్కూళ్లు జూన్‌లో తెరుస్తారు. ఇక్కడ సెప్టెంబర్ మొదట్లో. అక్కడి నుంచి క్రిస్మస్ సెలవుల దాకా ఉండేదే ఆటమ్ టర్మ్. మధ్యలో అక్టోబర్ చివర్లో సాధారణంగా ఒక వారం సెలవు, దాన్ని హాఫ్ టర్మ్ అంటారు. అంటే దాదాపు ఏడు వారాలు స్కూలు, ఒక వారం బ్రేక్, మళ్లీ దాదాపు ఏడు వారాలు. దసరా సెలవులు అంటూ ఏమీ ఉండవు.

ఇక్కడ నాలుగో పుట్టినరోజు అయ్యాక వచ్చే సెప్టెంబర్‌లో రిసెప్షన్ క్లాస్‌లో చేరతారు. కటాఫ్ ఆగస్ట్ 31. అంటే సెప్టెంబర్ 1న పుట్టిన బిడ్డ, తర్వాతి ఏడాది ఆగస్ట్ 31న పుట్టిన బిడ్డ ఒకే క్లాస్‌లో కూర్చుంటారు. ఇద్దరికీ మధ్య దాదాపు ఏడాది తేడా. నాలుగేళ్ల వయసులో ఏడాది అంటే జీవితంలో నాలుగో వంతు! మీ బిడ్డది జూలై పుట్టినరోజు అయితే, పక్కింటి అక్టోబర్ బిడ్డతో పోల్చడం ఇవాళే ఆపేయండి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఇంగ్లండ్‌లో చట్టప్రకారం స్కూలు తప్పనిసరి అయ్యేది ఐదో పుట్టినరోజు తర్వాత వచ్చే టర్మ్ నుంచి. సెప్టెంబర్‌లోనే ఐదు నిండిన బిడ్డకి కూడా అది జనవరి అవుతుంది. అందుకే నాలుగేళ్లకి రిసెప్షన్‌లో చేరిన పిల్లల విషయంలో, మొదటి ఆటమ్ టర్మ్‌లో పార్ట్‌టైమ్‌గా పంపే హక్కు పేరెంట్స్‌కి ఉంటుంది. అందరికీ ఇది అవసరం లేదు. కానీ బిడ్డ మధ్యాహ్నానికే పూర్తిగా అలిసిపోతుంటే, స్కూల్‌తో మాట్లాడి కొన్ని వారాలు సగం రోజు పంపొచ్చు.

మాట్లాడకపోవడం అంటే నేర్చుకోకపోవడం కాదు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇంట్లో ఒక భాష, స్కూల్లో ఇంకో భాష ఉన్న చిన్నపిల్లలు కొత్త చోట కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు మాట్లాడకుండా ఉండటం మామూలే. టీచర్లు దీన్ని సైలెంట్ పీరియడ్ అంటారు. బయటికి ఏమీ జరగనట్టు కనిపిస్తుంది. లోపల మాత్రం పెద్ద పని నడుస్తుంటుంది. ఏ మాటకి అందరూ లేచి నిలబడ్డారు, ఏ మాటకి లైన్‌లోకి వెళ్లారు, ఏ మాటకి నవ్వారు, ఇవన్నీ బిడ్డ చూసి దాచుకుంటోంది. తర్వాత ఒక్కో మాట, ఆ తర్వాత "మై టర్న్", "కమ్ హియర్" లాంటి రెడీమేడ్ ముక్కలు, ఆ తర్వాతే సొంత వాక్యాలు.

మీ బిడ్డ తెలుగు కూడా ఇలాగే నేర్చుకుంది కదా. పుట్టగానే మాట్లాడలేదు. ఏడాది పాటు విని, తర్వాత "అత్త", "తాత" అంది. అప్పుడు మనం కంగారు పడలేదు. ఇప్పుడెందుకు పడుతున్నాం?

సాఫ్ట్‌వేర్‌లో పని చేసేవాళ్లందరికీ ఒక రూల్ తెలుసు. లైవ్ సిస్టమ్‌లో ఒకేసారి రెండు పెద్ద మార్పులు చేయకూడదు. ఏదైనా తేడా కొడితే దేనివల్ల కొట్టిందో తెలీదు, వెనక్కి వెళ్లడానికి దారీ ఉండదు. సెప్టెంబర్‌లో బిడ్డకి ఎన్ని మారాయో చూడండి. కొత్త బిల్డింగ్, ముప్పై మంది పిల్లలు, కొత్త టీచర్, కొత్త తిండి, యూనిఫామ్, పూట పూటకీ కొత్త భాష. మారనిది ఒక్క ఇల్లే. సరిగ్గా అప్పుడే ఇంటి భాష కూడా మార్చేస్తే, బిడ్డకి తను తెలివైనదాన్ని అనిపించే చోటు ఇంకెక్కడ మిగులుతుంది? తెలుగులో జోకులు వేస్తుంది, వాదిస్తుంది, అబద్ధాలు కూడా చక్కగా ఆడుతుంది. ఇంగ్లీష్‌లో ప్రస్తుతానికి "ఎస్", "నో" మాత్రమే. ఇంట్లో కూడా దాన్ని "ఎస్, నో" స్థాయికి దించకండి.

ఇంకో లాభం ఉంది. బరువు అంటే ఏంటో, ఎత్తు అంటే ఏంటో, "ముందు, తర్వాత" అంటే ఏంటో తెలుగులో తెలిసిన బిడ్డకి ఆ ఆలోచన మళ్లీ నేర్పక్కర్లేదు. ఇంగ్లీష్ పేరు ఒక్కటి తగిలిస్తే చాలు. ఆలోచనే తెలియని బిడ్డకి రెండూ నేర్పాలి.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే అనుకోకండి. ఇంగ్లండ్‌లో ఐదేళ్ల లోపు పిల్లల చదువుకి ఒక చట్టబద్ధమైన ఫ్రేమ్‌వర్క్ ఉంది, ఈవైఎఫ్ఎస్ అంటారు. ఇంటి భాష ఇంగ్లీష్ కాని పిల్లలు ఆటల్లో, చదువులో తమ భాషని వాడుకునే అవకాశం కల్పించడానికి తగిన చర్యలు తీసుకోవాలని అందులో ఉంది. ఇంగ్లీష్‌లో మంచి స్థాయికి రావడానికి తగినన్ని అవకాశాలు ఇవ్వాలని కూడా అక్కడే ఉంది. రెండూ కలిసే నడవాలన్నది రూల్. ఎవరైనా "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అని సలహా ఇస్తే, మర్యాదగానే, కానీ ధైర్యంగా ఈ మాట చెప్పండి.

మరి ఆ మొదటి టెస్ట్ సంగతి? చేరిన మొదటి ఆరు వారాల్లో రిసెప్షన్ బేస్‌లైన్ అసెస్‌మెంట్ అని ఒకటి చేస్తారు. పేరు వినగానే మనవాళ్లు ప్రిపరేషన్ మొదలెడతారు. అవసరం లేదు. టీచర్ బిడ్డతో కూర్చుని బొమ్మలతో, లెక్కలతో చేయించే చిన్న పనులవి. పాస్, ఫెయిల్ లేదు. ఆరో తరగతికి వచ్చేసరికి ఆ స్కూలు పిల్లల్ని ఎంత ముందుకి తీసుకెళ్లిందో కొలవడానికి అది ఆరంభ గుర్తు, అంతే.

టీచర్ చేతికి ఒక పేజీ ఇవ్వండి

మీరు ఇంగ్లీష్‌కి మారడం కంటే, టీచర్‌కి పది తెలుగు మాటలు నేర్పడం సులువు. ఒక కాగితం మీద ఇంగ్లీష్ అక్షరాల్లో రాసివ్వండి. మంచినీళ్లు, ఆకలి, నొప్పి, చలి, భయం, అమ్మ కావాలి. అన్నిటికంటే ముఖ్యం బాత్రూమ్ మాట. ఒక్కో ఇంట్లో ఒక్కో మాట ఉంటుంది కదా, ఒంటికి, పాస్, సుస్సు. బిడ్డ టీచర్ దగ్గరికెళ్లి "సుస్సు" అంటే ఆవిడ ఏదో కొత్త ఫ్రెండ్ పేరనుకుంటే, పాపం బట్టలు తడుస్తాయి. ఆ తర్వాత బిడ్డ స్కూల్‌కి వెళ్లనంటుంది. కారణం మాత్రం చెప్పదు.

పేరు కూడా రాయండి, ఎలా పలకాలో రాయండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, పేరు అటూ ఇటూ అయిపోయి ఉంటాయి. కొంతమంది పిల్లల్ని మొదటి వారమంతా ఇంటిపేరుతోనే పిలుస్తారు. పలకలేదంటే మాట వినట్లేదని కాదు, ఆ పిలుపు తనదని బిడ్డకి తెలియదు. అడ్మిషన్ ఫామ్‌లో "పిలిచే పేరు" అని ఒక గడి ఉంటే అది తప్పకుండా నింపండి.

ఇంకోటి, మర్యాద మాటలు. తెలుగు ఇళ్లలో మనం అమ్మని "ప్లీజ్ నీళ్లు ఇవ్వు" అని అడగం. "నీళ్లివ్వవా అమ్మా" అంటాం, ఆ మర్యాద గొంతులోనే ఉంటుంది. ఇక్కడ ప్లీజ్, థాంక్యూ అనకపోతే బిడ్డకి మర్యాద తెలియదనుకునే ప్రమాదం ఉంది. ఈ రెండు మాటలూ, "హెల్ప్ మీ" అన్న మాటా నేర్పండి. మొదటి టర్మ్‌కి ఇంట్లో నేర్పాల్సిన ఇంగ్లీష్ దాదాపు ఇంతే.

మధ్యాహ్నం తిండి

ఇంగ్లండ్ ప్రభుత్వ స్కూళ్లలో రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2 పిల్లలందరికీ మధ్యాహ్నం భోజనం ఉచితం. 2014 సెప్టెంబర్ నుంచి ఉంది, జీతంతో సంబంధం లేదు. వెజిటేరియన్ అయితే రాతపూర్వకంగా చెప్పండి. ఇక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు ఉండొచ్చు, మీకు అదీ వద్దంటే విడిగా చెప్పాలి. చికెన్ తింటాం, బీఫ్ తినం అంటే అది కూడా విడిగా చెప్పాలి. హలాల్ కావాలంటే అదీ అంతే. "నాన్‌వెజ్ ఓకే" అని ఒక్క మాట రాస్తే వాళ్లు ఏదైనా పెట్టొచ్చు.

బాక్స్ పంపేవాళ్లకి ఒక జాగ్రత్త. చాలా స్కూళ్లలో నట్స్ పూర్తిగా నిషేధం, వేరే పిల్లలకి ఎలర్జీ ఉంటే ప్రాణం మీదకొస్తుంది. అంటే పల్లీ చట్నీ, పల్లీ చిక్కీ, జీడిపప్పు వేసిన పులిహోర, ఏవీ వద్దు.

అన్నిటికంటే పెద్ద సమస్య తినడమే. మన ఇళ్లలో నాలుగేళ్ల బిడ్డకి ఫోన్ చూపిస్తూ ముద్దలు పెడతాం. అక్కడ పెట్టేవాళ్లు ఉండరు. కాబట్టి ఇంట్లో రోజుకి ఒక్క పూటైనా తనంతట తను, స్పూన్‌తో, ఫోన్ లేకుండా తినేలా చూడండి. సగం కింద పోసుకున్నా సరే. కోటు జిప్ పెట్టుకోవడం, షూ వేసుకోవడం, టాయిలెట్ తర్వాత శుభ్రం చేసుకోవడం కూడా ఇదే లిస్ట్. ఏ బీ సీ డీ లు రాయడం కంటే ఇవి ముందు.

ఫోనిక్స్‌కి మన పొల్లు

చదవడం ఇక్కడ ఫోనిక్స్‌తో మొదలవుతుంది. అక్షరం పేరు కాదు, దాని శబ్దం ముందు. ఇక్కడ తెలుగు పేరెంట్స్‌కి ఒక చిక్కు ఉంది. మనం "స" అంటే అందులో అకారం కలిసే ఉంటుంది. ఇక్కడ సూర్యుడికి వాడే "సన్" అన్న మాటని స్, అ, న్ అని విడగొడతారు. మనం "స, అ, న" అని నేర్పితే, బిడ్డ కలిపి చదివినప్పుడు "సఅన" వస్తుంది. "సన్" రాదు.

దీనికి మందు మన దగ్గరే ఉంది. పొల్లు. స్, ట్, ప్, న్, మ్. చిన్నప్పుడు పొల్లు ఎలా పలకాలో నేర్చుకున్నాం కదా, అదే పద్ధతి. పొడి శబ్దం పలకండి, వెనక అకారం తగిలించకండి.

మొదటి వారాల్లో చాలా స్కూళ్లు అక్షరాలే లేని బొమ్మల పుస్తకాలు ఇంటికి పంపుతాయి. "ఇదేంటి, ఒక్క ముక్క కూడా లేదు" అని పక్కన పడేయకండి. ఆ పుస్తకాన్ని తెలుగులో చెప్పించండి. కుక్క ఎందుకు పరిగెత్తింది, తర్వాత ఏమవుతుంది, ఆ పిల్లాడికి కోపం ఎందుకొచ్చింది. కథ చెప్పడం నేర్చుకోవడమే ఆ పుస్తకం పని. అది ఏ భాషలో చేసినా పని జరుగుతుంది.

ఇంటికొచ్చాక వచ్చే తుఫాను

టీచర్ "చాలా బుద్ధిగా ఉందండీ" అంటుంది. గేటు దాటగానే బిడ్డ రోడ్డు మీద కూర్చుని ఏడుస్తుంది, అరటిపండు విరిగిపోయిందని. ఇది మొండితనం కాదు. ఆరు గంటల పాటు అర్థంకాని భాషలో అన్నీ బిగపట్టుకుని ఉంది, మిమ్మల్ని చూడగానే వదిలేసింది. కాబట్టి స్కూల్ నుంచి రాగానే ముందు తినడానికి ఏదైనా ఇవ్వండి. ఒక పావుగంట ప్రశ్నలు వద్దు. "ఈరోజు ఏం నేర్చుకున్నావ్" అంటే "ఏం లేదు" అనే వస్తుంది. కాసేపయ్యాక "లంచ్‌లో నీ పక్కన ఎవరు కూర్చున్నారు", "ఇవాళ ఎవరు ఏడ్చారు" అని అడిగి చూడండి, కథలు వాటంతటవే వస్తాయి.

నిద్ర సంగతి సీరియస్‌గా తీసుకోండి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. పొద్దున ఏడింటికి లేవాలంటే రాత్రి ఎనిమిదికల్లా పడుకోవాలి. మన ఇళ్లలో ఎనిమిదింటికి ఇంకా కుక్కర్ విజిల్ వస్తుంటుంది. కనీసం ఈ టర్మ్ వరకు బిడ్డ భోజనం ఆరుకి మార్చండి.

ఇక చీకటి. సెప్టెంబర్ మొదట్లో లండన్‌లో సాయంత్రం ఏడున్నర దాకా వెలుతురు ఉంటుంది. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు. డిసెంబర్‌లో నాలుగు కాకముందే సూర్యుడు దిగిపోతాడు. స్కూలు వదిలే టైమ్‌కే సాయంత్రం అయిపోతుంది. అందుకే స్కూల్ నుంచి నేరుగా పార్క్‌లో ఓ ఇరవై నిమిషాలు, కోటు వేసుకునే. విటమిన్ డీ కూడా మర్చిపోకండి. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలకి ఏడాది పొడవునా రోజుకి 10 మైక్రోగ్రాముల సప్లిమెంట్ ఇవ్వాలని ఎన్‌హెచ్‌ఎస్ సలహా. ఐదేళ్లు దాటితే కనీసం ఆటమ్, వింటర్‌లో ఇవ్వడం గురించి ఆలోచించమంటుంది. మనలాంటి చామనఛాయ వాళ్లకి ఎండ తక్కువగా పనిచేస్తుంది, కాబట్టి ఏడాదంతా తీసుకోవడం మంచిది.

గడియారం మారితే ఇంకోటి కూడా దెబ్బతింటుంది. అమ్మమ్మ కాల్. సెప్టెంబర్‌లో ఇక్కడ సాయంత్రం నాలుగు అంటే ఇండియాలో ఎనిమిదిన్నర. గడియారం జరిగాక అదే నాలుగు, అక్కడ తొమ్మిదిన్నర. తాతయ్య అప్పటికే నిద్రపోతాడు. కాల్స్ మెల్లగా తగ్గిపోతాయి, తెలుగు కూడా వాటితోనే తగ్గుతుంది. నవంబర్ నుంచి పొద్దున్నే ఏడున్నరకి మార్చండి. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట, అన్నం తినే టైమ్. బిడ్డ ఇక్కడ టిఫిన్ తింటూ, అమ్మమ్మ అక్కడ భోంచేస్తూ పది నిమిషాలు మాట్లాడుకుంటారు. ఇంతకంటే మంచి తెలుగు క్లాస్ మీకు ఎక్కడా దొరకదు, ఫీజు కూడా లేదు.

జబ్బులు, పండగలు, టికెట్లు

మొదటి టర్మ్‌లో జలుబులు వరసగా వస్తాయి. మామూలు జలుబు, కొద్దిగా దగ్గు ఉంటే పంపొచ్చు. జ్వరం ఉంటే వద్దు. వాంతులు, విరేచనాలు అయితే చివరిసారి అయిన 48 గంటల దాకా ఇంట్లోనే. ఫ్లూ వ్యాక్సిన్ స్కూల్లోనే ముక్కులో స్ప్రేగా ఇస్తారు, ముందు మీ అనుమతి అడుగుతారు. ఆ స్ప్రేలో పంది నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. వద్దనుకునే వాళ్లు వ్యాక్సినే మానేయక్కర్లేదు, జెలటిన్ లేని ఇంజెక్షన్ అడగొచ్చు.

దీపావళి స్కూల్ రోజున వస్తే, మతపరమైన పండగ అని హెడ్‌టీచర్‌కి ముందే రాసి ఆ రోజుకి సెలవు అడగండి. రిజిస్టర్‌లో దానికి విడిగా కోడ్ ఉంది. డిసెంబర్‌లో టికెట్లు చౌకని వారం ముందే ఇండియా బయల్దేరడం మాత్రం వేరే కథ. స్కూలు తప్పనిసరి వయసు వచ్చాక, పది స్కూల్ వారాల్లో ఐదు రోజులు అనుమతి లేకుండా మానితే ఫైన్ వేయొచ్చు. ఒక్కో పేరెంట్‌కి, ఒక్కో బిడ్డకి 80 పౌండ్లు, 21 రోజుల్లో కట్టకపోతే 160. మొదటి ఆటమ్ టర్మ్‌లో రిసెప్షన్ పిల్లలకి సాధారణంగా ఇది వర్తించదు. కానీ పైన ఇయర్ 3లో అక్కో అన్నో ఉంటే వాళ్లకి వర్తిస్తుంది. అదీ కాక, ఇప్పుడిప్పుడే నోరు విప్పుతున్న బిడ్డ, క్రిస్మస్ నాటకంలో గొర్రెపిల్ల వేషం వేసే వారం మిస్ అయితే, అది డబ్బులతో కొలిచే నష్టం కాదు.

ఎప్పుడు కంగారు పడాలి

ఓపిక పట్టమన్నాను కదా అని అన్నిటికీ ఓపిక పట్టకండి. బిడ్డ ఇంట్లో తెలుగులో కూడా వయసుకి తగ్గట్టు మాట్లాడకపోయినా, మీరు చెప్పేది అర్థం కాకపోయినా, వెనక నుంచి పిలిస్తే పలకకపోయినా, అది కొత్త భాష సమస్య కాదు. ముందు చెవులు చెక్ చేయించండి. జీపీతో, స్కూల్లో సెన్‌కో అనే టీచర్ ఉంటారు, వాళ్లతో మాట్లాడండి. ఇంట్లో బాగా మాట్లాడుతూ, స్కూల్లో నెలలు గడిచినా మాటే కాదు, సైగ కూడా చేయకుండా, ఆడుకోకుండా బిగుసుకుపోతున్నా అడగండి. అడిగేటప్పుడు "ఇంట్లో తెలుగులో ఇలా మాట్లాడుతుంది" అని ఒక నిమిషం వీడియో చూపించండి. తెలుగు రాకపోయినా, బిడ్డ ఎంత ధారాళంగా మాట్లాడుతోందో వాళ్లకి అర్థమవుతుంది. మన చేతిలో ఎప్పుడూ ఉండే ఫోన్‌కి ఇంతకంటే మంచి ఉపయోగం లేదు.

సో, ఈ వారం రెండే పనులు. ఒకటి, టీచర్‌కి ఇచ్చే ఆ ఒక పేజీ ఇవాళ రాత్రే రాయండి. రెండు, రేపు స్కూల్ నుంచి రాగానే బిడ్డతో తెలుగులోనే మాట్లాడండి, మీకు అలవాటైన తెలుగులో, మీ ఊరి యాసలో. ఇంగ్లీష్ ఎలాగూ వస్తుంది. ఆరు గంటలు దాని మధ్యే ఉంటుంది కదా. తెలుగు మాత్రం మనం మాట్లాడితేనే ఉంటుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ప్రైమరీ స్కూల్ అప్లికేషన్ గురించి చెప్తాను. వచ్చే సెప్టెంబర్‌లో చేరే పిల్లలకి గడువు జనవరి 15, గుర్తుపెట్టుకోండి. అప్పటిదాకా ఉంటాను. బై.